వైకల్యం ఉన్న పిల్లలకు స్కౌట్ సోపానాల నియమాలు: ఎలా చదవాలి, ఎలా అడగాలి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి స్కౌట్ ట్రూప్‌లో (దళంలో) ఒక అబ్బాయికి పుట్టుకతోనే కుడిచేతికి వేళ్ళు లేవు. స్కౌట్ శిక్షణలో మెట్లను సోపానాలంటారు. ప్రథమ సోపాన్ పరీక్ష రోజున వచ్చిన పరీక్షకుడు వాడి చేతికి తాడు కూడా ఇవ్వలేదు. "పాపం, వీడికి ముడులెందుకు మాస్టారూ, పాస్ వేసేద్దాం" అంటూ లాగ్ బుక్‌లో సంతకం పెట్టేశారు. మంచి మనసుతోనే చేశారు. కానీ వాడు అంతకుముందు నెల రోజులు మా బడి వరండా స్తంభానికి తాడు చుట్టి చుట్టి క్లోవ్ హిచ్ అనే ముడి నేర్చుకున్నాడు. ఎడమ చేత్తో ఒక మెలిక వేసి, దాని మీదుగా ఇంకో మెలిక తిప్పి, కొసను కింద నుంచి దూర్చి, వేళ్ళు లేని చేతి మణికట్టుతో అదిమిపట్టి బిగించేవాడు. బ్యాడ్జి ఇచ్చాక వాడు దాన్ని చొక్కాకి కుట్టించుకోలేదు. ఎందుకురా అని అడిగితే, "నన్ను కట్టమనలేదు కదా మాస్టారూ" అన్నాడు.

ఆ మరుసటి ఏడాది వేరే యూనిట్‌లో దీనికి సరిగ్గా ఎదురు తప్పు చూశాను. కాలికి క్యాలిపర్ (ఆసరా పట్టీ) వేసుకునే ఒక అమ్మాయిని "హైక్ (దూరపు నడక) నడవలేదు కాబట్టి పై సోపాన్‌కి పంపలేం" అని ఆపేశారు. ఒకచోట జాలి, ఒకచోట మొండితనం. రెండుచోట్లా నియమం ఏం అడుగుతోందో ఎవరూ నిదానంగా చదవలేదు. మీరు స్కౌట్ మాస్టరైనా, గైడ్ కెప్టెనైనా, పిల్లల అమ్మానాన్నలైనా, ఈ రెండు తప్పులూ మీ దగ్గర జరక్కుండా ఉండడానికి నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

మొదట, మీ యూనిట్ ఎవరి కింద ఉందో తేల్చుకోండి

మన సరిహద్దు ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రైల్వేలకు విడిగా రాష్ట్ర శాఖ హోదా ఉంది. రాయగడలో మీ పిల్లవాడు రైల్వే యూనిట్‌లో ఉంటే కాగితాలు ఈస్ట్ కోస్ట్ రైల్వే దారిలో వెళ్తాయి. పక్క వీధి బడిలో చదివే పిల్లవాడి కాగితాలు జిల్లా సంఘం మీదుగా భువనేశ్వర్ చేరతాయి. పర్లాకిమిడిలో ఇల్లుండి, ఏరు దాటి పాతపట్నంలో చదివే పిల్లలది ఆంధ్ర లెక్క. హిందుస్థాన్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అని మరో సంస్థ కూడా ఉంది. దాని పుస్తకం వేరు, ధ్రువపత్రం వేరు. తప్పు ఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబు రాదు, ఆ లోగా పిల్లవాడికి నెలలు పోతాయి.

మీది భారత్ స్కౌట్స్ అయితే మీకు కావలసింది ఏపీఆర్‌వో (ఎయిమ్స్, పాలసీ, రూల్స్ అండ్ ఆర్గనైజేషన్) అని అందరూ పిలిచే నియమావళి. మొదటి భాగం సంస్థ అంతటికీ, రెండోది స్కౌట్ విభాగానికి, మూడోది గైడ్ విభాగానికి. ఇప్పుడు అమల్లో ఉన్న ముద్రణే తెచ్చుకోండి. పాత జిరాక్సులు, వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు నమ్ముకుని పరీక్షకు వెళ్ళిన పిల్లలు ఇబ్బంది పడ్డారు.

తర్వాత, పెన్సిల్ తీసుకుని క్రియాపదాల కింద గీత గీయండి

నియమాన్ని అర్థం చేసుకోవడంలో సగం పని ఇదే. ప్రతి అంశంలోనూ ఒక క్రియ ఉంటుంది. తెలిసి ఉండాలి, వివరించాలి, చూపించాలి, చేయాలి, పాల్గొనాలి. ఒక్కోటి ఒక్కో రకం సాక్ష్యం అడుగుతుంది.

"తెలిసి ఉండాలి" అంటే తెలిసిందని ఏదో ఒక దారిలో బయటపడితే చాలు. మాట రాని పిల్లవాడు బొమ్మల కార్డులు వరసగా పేర్చి చూపినా తెలిసినట్టే. "రాయాలి" అని లేనిచోట రాయమని పట్టుబట్టడం మన సొంత కల్పన. చాలామంది పరీక్షకులకు ఈ అలవాటుంది, అందుకే ముందే పుస్తకం తెరిచి చూపించండి. "చేయాలి" అంటే మాత్రం ఆ పిల్లవాడే చేయాలి. పక్కన నిలబడి పెట్రోల్‌తో (ట్రూప్‌లోని తన చిన్న జట్టుతో) చేయిస్తే సరిపోదు. "పాల్గొనాలి" అంటే గెలవాలని కాదు, ఆ పనిలో వాడికి ఒక నిజమైన బాధ్యత ఉండాలి. మూల కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం పాల్గొనడం కాదు.

ఇలా గీతలు గీస్తూ పోతే ఒక సంగతి బయటపడుతుంది. మీ పిల్లవాడికి అడ్డు వస్తాయనుకున్న అంశాల్లో ఎక్కువ భాగం నిజానికి అడ్డే కాదు. నియమం మార్చక్కర్లేదు, పరీక్ష పెట్టే తీరు మారిస్తే చాలు. నిజంగా ప్రత్యామ్నాయం కావలసినవి చివరికి రెండో మూడో మిగులుతాయి.

చేతి సంగతే చూడండి. ముడుల అంశంలో రెండు చేతులతో కట్టాలని ఎక్కడా ఉండదు. బౌలైన్ ఒంటిచేత్తో వేయవచ్చు. పడవల మీద పనిచేసేవాళ్ళు ఒక చేత్తో పట్టు పట్టుకుని రెండో చేత్తో అలాగే వేస్తారు. రీఫ్ నాట్‌కి ఒక తాడు కొసను కాలి కింద తొక్కిపట్టవచ్చు, లేదా బల్లకు క్లిప్ పెట్టవచ్చు. వంట అంశంలో కూరగాయలు తరగడం దగ్గర చాకుతో అవస్థ పడే పిల్లకి మన కత్తిపీట ఇచ్చి చూడండి. కత్తి కదలదు, కాయను కదిపితే చాలు, కాబట్టి ఒక్క చేతితో పని అవుతుంది. పెద్దవాళ్ళెవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి, అంతే. పోలియో వచ్చిన మా పిన్ని జీవితాంతం ఇంటిల్లిపాదికీ అలాగే వండిపెట్టింది.

ఆ అంశం ఎందుకు పెట్టారో అడగండి

మిగిలిన ఆ రెండు మూడు అంశాల దగ్గరే అసలు ఆలోచన పెట్టాలి. ప్రథమ సోపాన్‌లో ఈల సంకేతాలు, చేతి సంకేతాలు ఉంటాయి. వినికిడి లేని పిల్లవాడికి చేతి సంకేతాలు ఏ ఇబ్బందీ కావు, చాలాసార్లు ట్రూప్‌లో అందరికంటే వాడే ముందు కదులుతాడు. ఈల దగ్గర ఆగిపోతాడు. ఈల ఎందుకు? దూరంగా ఉన్న నాయకుడి ఆజ్ఞ అందుకుని, ఏ ఆజ్ఞో పోల్చుకుని, వెంటనే కదలడానికి. అయితే అదే ఆజ్ఞల్ని, అదే పొడుగు పొట్టి లెక్కలో, టార్చి వెలుగుతో ఇవ్వవచ్చు. పగటిపూట జెండాతో ఇవ్వవచ్చు. వరస ముందే చెప్పకూడదు, దూరం తగ్గించకూడదు. అప్పుడది ఈల పరీక్షంత కష్టంగానే ఉంటుంది.

"కష్టం అంతే ఉందా?" అన్న ప్రశ్న మరిచిపోకండి. ప్రత్యామ్నాయం మూలం కంటే తేలికైతే అది జాలి. మూలం కంటే బరువైతే అది శిక్ష. హైక్ బదులు "స్కౌటింగ్ చరిత్ర మీద వ్యాసం రాయి" అనడం నాకు నచ్చదు. హైక్‌లో ఉన్నది దారి కనుక్కోవడం, ఎండ భరించడం, నీళ్ళు సరిపెట్టుకోవడం, జట్టుతో నడవడం. వ్యాసంలో ఇవేవీ లేవు. క్యాలిపర్ వేసుకున్న ఆ అమ్మాయికి నేనైతే చదునైన దారి ఎంచుకుని, అవసరమైనచోట మూడు చక్రాల బండి వాడనిచ్చి, పటం చదివి పెట్రోల్‌ని నడిపించే పని అప్పజెప్పేవాణ్ణి. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ. అక్కడికే తీసుకెళ్ళాలని ఏ నియమంలోనూ లేదు. గండాహతి జలపాతం దారిలో బండి వెళ్ళేంత మేర ముందే మీరు ఒకసారి నడిచి చూసుకోండి.

చూపు లేని పిల్లలకు అడవి దారి గుర్తులు కష్టమని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తులు రాళ్ళతో, పుల్లలతో, ముడివేసిన గడ్డితో పెట్టేవే. కళ్ళకు గంతలు కట్టుకుని మీరే ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. రాయి మీద రాయి, దాని పక్కన ఏ వైపు ఇంకో చిన్న రాయి ఉందో చేతికి ఇట్టే తెలుస్తుంది. దిక్సూచికి గీతలు ఉబ్బెత్తుగా ఉండే రకం దొరుకుతుంది. దిక్కులు పలికే ఫోన్లున్నాయి.

భాష కష్టాన్ని వైకల్యం లెక్కలో వేయకండి

మన ప్రాంతంలో పనిచేసేవాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్రార్థన, జెండా పాట హిందీ, పుస్తకం ఇంగ్లీషు. నేర్చుకోవడంలో వెనకబడే పిల్లవాడికి ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. "సావధాన్" అంటే కదలకుండా నిలబడ్డ గుంటడు, "స్కౌట్ నియమాల్లో ఏడోదాని అర్థం చెప్పు" అని హిందీలో అడిగితే తెల్లమొహం వేశాడు. అదే ప్రశ్న వాళ్ళమ్మ తెలుగులో అడిగితే, "పొలం గట్టు మీద వాళ్ళ మామిడికాయ కోయకపోవడం" లాంటి సొంత ఉదాహరణలతో నియమాలన్నీ చెప్పుకుపోయాడు. సరైన నియమానికి సరైన ఉదాహరణ పెట్టాడా లేదా అన్నది తర్వాత దిద్దుకోవచ్చు. వాడికి అర్థమయ్యే బుర్ర ఉందా లేదా అన్న సందేహం మాత్రం ఆ క్షణంలోనే పోయింది.

అందుకని, పిల్లవాడికి ఏదో లోపం ఉందని రాసే ముందు ఒక్కసారి ఇంటి భాషలో అడిగి చూడండి. అది సవర కావచ్చు, కుయి కావచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ మన్యం తిరుగుళ్ళలో జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకే వినికిడి పోయింది. భాష వేరైనా, చెవి వినకపోయినా మనిషి తెలివి ఎక్కడికీ పోదని మన ఊరివాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పైకి కనిపించని వాటిని అడిగి తెలుసుకోండి

సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) మన కొండ ప్రాంతంలో ఎందరో పిల్లలకు ఉంది. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. నీళ్ళు తక్కువైనా, చలి తగిలినా, మరీ అలిసిపోయినా ఒళ్ళంతా భరించలేని నొప్పులు వస్తాయి. "బద్ధకం, హైక్ ఎగ్గొడుతున్నాడు" అని తిట్టే ముందు ఇంట్లోవాళ్ళను పక్కకు పిలిచి అడగండి. హైక్‌లో వాడికి గంట గంటకూ నీళ్ళు తాగించండి, మధ్యలో ఆగనివ్వండి, రాత్రి క్యాంపులో కప్పుకోవడానికి రెండో దుప్పటి ఇవ్వండి. దూరం అంతే ఉంటుంది, సమయం పెరుగుతుంది. ఫిట్స్ వచ్చే పిల్లలైతే నీళ్ళ దగ్గర, పొయ్యి దగ్గర ఒకరు తోడు ఉండాలి, మందు వేళ తప్పకూడదు.

ఈ వివరాలు మీకూ, క్యాంపు బాధ్యుడికీ తెలిస్తే చాలు. పిల్లవాడి ధ్రువపత్రం ఫొటో తీసి ట్రూప్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

చట్టం ఏమంటుంది, బయట ఎలా చేస్తున్నారు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. సికిల్ సెల్, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు, ఆటిజం కూడా ఆ జాబితాలోవే. ఎదుటివారి మీద మితిమీరిన భారం పడకుండా, అందరితో సమానంగా హక్కు వాడుకోవడానికి చేసే తగిన మార్పులను ఈ చట్టం గుర్తించింది. 17వ సెక్షన్ బడి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు గురించి చెబుతుంది. సోపాన్ పరీక్ష బడి పరీక్ష కాదు, నిజమే. అయినా బడి ఆవరణలో, బడి పిల్లలకు, బడి మాస్టారే నడిపే యూనిట్‌లో ఇంతకంటే తక్కువ ఇవ్వడానికి కారణం కనిపించదు. ఇంకో మాట. 40 శాతం వైకల్యం అన్నది రిజర్వేషన్ల వంటి వాటికి పెట్టిన గీత. 30 శాతం ఉన్న పిల్లవాడికి మార్పులు అక్కర్లేదని దానర్థం కాదు.

ఈ విషయంలో నియమాలు వివరంగా అచ్చువేసుకున్న సంస్థ అమెరికాది. 2025 నుంచి దాని పేరు స్కౌటింగ్ అమెరికా. వాళ్ళ నియమం మన దగ్గర చెల్లదు, కానీ వాళ్ళ ఆలోచనా వరస నాకు చాలా పనికొచ్చింది. అక్కడ ఎవరికీ, ఏ స్థాయిలోనూ, అంశాలకు కొత్తవి చేర్చే అధికారం గానీ తీసేసే అధికారం గానీ లేదు. చిన్న పిల్లల కబ్ విభాగంలో చేతనైనంత చేస్తే సరిపోతుంది. పై విభాగంలో మొదటి నాలుగు ర్యాంకులకు ప్రత్యామ్నాయ అంశాలు అడగవచ్చు, కానీ ముందు తనవల్ల అయిన మామూలు అంశాలన్నీ పూర్తి చేయాలి, తర్వాత రాతపూర్వకంగా అడగాలి, బదులుగా పెట్టేది అంతే సవాలుగా ఉండాలి. ఒక మెరిట్ బ్యాడ్జి (ఒక్కో నైపుణ్యానికి ఇచ్చే గుర్తు)లోని అంశాలను మార్చరు. అయితే అన్నిటికంటే పైదైన ఈగిల్ ర్యాంకుకు కావలసిన 21 బ్యాడ్జిల్లో చేయలేనిదాని బదులు ఇంకో బ్యాడ్జి పెట్టుకోనిమ్మని అడగవచ్చు. తీవ్రమైన శాశ్వత వైకల్యం ఉంటే 18 ఏళ్ళు దాటాక కూడా కొనసాగేందుకు దారి ఉంది.

ఇందులో మనం తీసుకోవలసింది వరస. అయినవన్నీ చేయడం, ఆ తర్వాత అడగడం, రాసి అడగడం, సమానమైనది అడగడం. ఈ వరసలో వెళ్ళిన ఉత్తరాన్ని తిప్పి పంపడం ఏ కమిషనర్‌కైనా కష్టం.

ఉత్తరం ఇలా రాయండి

పరీక్షకు ఒక నెల ముందు, యూనిట్ లెటర్‌హెడ్ మీద, స్కౌట్ మాస్టర్, హెడ్మాస్టర్, తల్లి లేదా తండ్రి సంతకాలతో రాయండి. పంపే కాపీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే మంచిది. లోపల ఉండవలసిన సంగతి ఇది:

"గౌరవనీయులైన జిల్లా కమిషనర్ గారికి, మా ట్రూప్‌లోని ఈ స్కౌట్ ప్రథమ సోపాన్ అంశాలన్నిటినీ పుస్తకంలో ఉన్నట్టే పూర్తి చేశాడు. ఈల సంకేతాల అంశం మాత్రం వినికిడి లోపం వల్ల చేయలేడు. దూరం నుంచి వచ్చే ఆజ్ఞను గుర్తించి వెంటనే కదలడం ఈ అంశం ఉద్దేశమని మేం భావిస్తున్నాం. కాబట్టి అవే ఆజ్ఞలను అదే దూరం నుంచి, వరస ముందుగా చెప్పకుండా, టార్చి వెలుగుతో ఇచ్చి పరీక్షించడానికి అనుమతి కోరుతున్నాం. ఆరు వారాలు సాధన చేయించాం. ధ్రువపత్రం నకలు జతచేశాం. పరీక్ష తేదీకి ముందే మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

"మా వాడి మీద దయ చూపండి" అని రాయకండి. దయ అడిగితే దయే వస్తుంది. ధ్రువపత్రం ఇంకా లేకపోతే, ఒడిశా ప్రభుత్వం బ్లాకుల్లో పెట్టే భీమ భోయి భిన్నక్షమ సామర్థ్య అభియాన్ శిబిరానికో, జిల్లా ఆసుపత్రికో వెళ్ళి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు దరఖాస్తు చేసుకోండి. అది వచ్చేదాకా డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేయండి.

పరీక్ష రోజు

పై సోపానాల పరీక్షలు క్యాంపుల్లో జరుగుతాయి. పరీక్షకులు మీ పిల్లవాణ్ణి ఎప్పుడూ చూసి ఉండరు. అనుమతి కాగితం నకలు వాళ్ళ చేతికి ముందురోజే ఇవ్వండి. పిల్లవాడి ఎదుట, మిగతావాళ్ళందరి ఎదుట అప్పటికప్పుడు వివరించడం మొదలుపెడితే వాడికి టెన్షన్ పెరుగుతుంది. టార్చి, తాడు క్లిప్పు, బొమ్మ కార్డులు మీ సంచిలోనే ఉండాలి, అక్కడ దొరుకుతాయని నమ్మకండి. పెట్రోల్ లీడర్‌కు ముందే చెప్పండి: సామాను అందించు, దారి చూపించు, వాడి పని మాత్రం చేయకు. పిల్లలు ఈ తేడాను మనకంటే త్వరగా పట్టుకుంటారు.

పరీక్ష పెట్టకుండా సంతకం చేయబోతే మర్యాదగా ఆపండి. "సార్, వాడు చేసి చూపిస్తాడు, ఒక్క నిమిషం" అంటే చాలు. వేళ్ళు లేని మా అబ్బాయికి నేనే ఒక ఆదివారం ట్రూప్ అందరి ముందు మళ్ళీ పరీక్ష పెట్టాను. ఏడు ముడులు అడిగితే ఆరు కట్టాడు, షీప్‌షాంక్ జారిపోయింది. వచ్చే వారం అది కూడా కట్టాకే సూదీ దారం తెచ్చుకున్నాడు.

ఇక తేదీలు. రాష్ట్రపతి అవార్డుకు వయసు గడువుంది, ఒక సోపాన్ నుంచి ఇంకో దానికి మధ్య కనీస కాలమూ ఉంది. మన పిల్లలకు ఒక్కో అంశానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ప్రవేశ్ (స్కౌట్‌గా చేరే) రోజునే క్యాలెండర్ ముందు పెట్టుకుని వెనక నుంచి లెక్కవేయండి. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ కోటాకు రాష్ట్రపతి అవార్డు అర్హతల్లో ఒకటి, కాబట్టి ఆలస్యంగా మొదలుపెడితే నష్టపోయేది వాళ్ళే. అనుమతి పత్రాలు, లాగ్ బుక్ సంతకాల పేజీలు జిరాక్సు తీసి ఒక సెట్టు బడిలో, ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. నాన్నకు బదిలీ అయి కుటుంబం విశాఖకో బరంపురానికో మారితే, కొత్త యూనిట్ మొదట అడిగేది ఆ కాగితాలే.